గడపకు గడప

లిఫ్టులో స్టూలు మీద నుంచి,
సోమవారం.

సమస్త ప్రజానీకానికీ, మరీ ముఖ్యంగా ఉత్తరాలు రాయడం మానేసిన మేనకోడళ్ళకూ ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: ఈ ఆస్పత్రి లిఫ్టునందు ఎడమ మూలన కొలువుదీరిన చెక్క స్టూలు యొక్క పొట్టికాలు కింద నిన్నటి దినమున మడిచిన అట్టముక్క ఒకటి అమర్చబడినది. అంతట సదరు స్టూలు ఊగుట అనెడి దుర్వ్యసనమును శాశ్వతముగా మానివేసినది. ఈ శుభసందర్భమున స్టూలాధిపతి వారు పేద, ధనిక భేదము లేక అందరికీ పైకీ కిందికీ ఉచిత ప్రయాణము ప్రసాదించుచున్నారు. మామూలు రోజుల్లోనూ ఉచితమే అనుకో, అది వేరే సంగతి.

చిరంజీవి గుండుసూదికి మామయ్య దీవెనలు.

ఫోను చేయలేదని అలగకు. జేబులోంచి జారి, లిఫ్టుకీ గోడకీ మధ్య సందులో దూరి, అడుగున గుంటలో పడింది. పడ్డాక కూడా కాసేపు మోగింది పాపం. మీ అత్తయ్య సంగతి తెలిసిందే, ఫోను పట్టుకోమంటే తేలుని పట్టుకోమన్నట్టు చూస్తుంది. కాబట్టి మళ్ళీ కాగితమే గతి.

అసలు విషయం. మీ కంపెనీ పెట్టె మా లిఫ్టుకి బిగించారు. బూడిద రంగు, చిన్న సూట్‌కేసంత. లిఫ్టు ఎక్కడుంది, ఎక్కడ ఆగాలి అన్నీ అదే చూసుకుంటుందట. బిగించిన కుర్రాడితో "మా మేనకోడలు దీనికి బుర్ర పెట్టిందయ్యా" అన్నాను. "అయితే జాగ్రత్తగా ఉండండి బాబాయ్" అన్నాడు, వెధవ.

నీ పెట్టెకి మోకాళ్ళ నొప్పులున్నట్టున్నాయే. మీ అత్తయ్య వార్డులకు తోసే దుప్పట్ల బండి లిఫ్టు ఎక్కినప్పుడల్లా నీరసపడి గడప కంటే జానెడు కిందే చతికిలబడుతోంది. మీ అత్తయ్య బరువు వల్లే అన్నాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

ఇట్లు,
స్టూలాధిపతి మామయ్య

*

ఆఫీసు, కిటికీ పక్క బల్ల,
గురువారం.

మామయ్యా,

ఉత్తరం చదివి పగలబడి నవ్వాను. పక్క బల్ల అమ్మాయి ఏమైందని అడిగితే స్టూలు ప్రకటన చదివి వినిపించాను. ఇప్పుడు మా వరుసలో అందరికీ నువ్వు స్టూలాధిపతివే.

మోకాళ్ళ నొప్పుల సంగతి మాత్రం నమ్మలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు అత్తయ్య సర్కస్‌లో చేరిపోయిందని రాసి నన్ను రెండు పూటలు ఏడిపించినవాడివి నువ్వు. అప్పుడు పెట్టుకున్న ఒప్పందం గుర్తుందా? విషయం నిజమైతే కింద అత్తయ్య సంతకం ఉండాలి. ఈ ఉత్తరం కింద లేదు. కాబట్టి కోత.

ఆ పెట్టెని నెలల తరబడి పరీక్షించాం మామయ్యా. మా దగ్గర గది నిండా తీగలూ దీపాలూ పెట్టి, లేని లిఫ్టుని ఉన్నట్టు నడిపిస్తాం. ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాలేదు. నీకు అన్నం పెట్టకుండా మంచి పని చేసిందని అత్తయ్యకి చెప్పు.

నీ గుండుసూది

*

దుప్పట్ల గది,
శనివారం.

గుండుసూదీ,

ఇవాళ ప్రకటనలు లేవు.

నిన్న మీ అత్తయ్య బండి వెనక్కి లాగుతూ లిఫ్టులోంచి దిగబోయింది. రోజూ అలాగే దిగుతుంది. వెనక్కి చూడదు, చూడాల్సిన పనేముంది, తలుపు తెరుచుకుందంటే కింద నేల ఉంటుందనేగా ఎవరైనా అనుకునేది. నేల ఉంది, మూరెడు కింద. కాలు గాల్లోకి పోయింది. తను వెల్లకిలా పడింది, బండి ముందు చక్రాలు సందులో ఇరుక్కుని తన మీదికి ఒరిగింది. ఇరుక్కోకపోతే మొత్తం బండి మీద పడేది. నేను స్టూలు మీద కూర్చుని పళ్ళు కుట్టుకుంటున్నాను. లేచేలోగా అంతా అయిపోయింది.

చీలమండ బెణికింది, అంతే. "అంతే" అని డాక్టరమ్మ అంది.

మా పై అంతస్తు సంగతి నీకు తెలుసు. కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పే వార్డు. అక్కడివాళ్ళు అడుగు ఎత్తడమే ఒక పెద్ద పని. వాళ్ళల్లో ఎవరికైనా కాలి కింద మూరెడు ఖాళీ తగిలితే?

ఇది నీ పెట్టె పనేనా? కాదని రాయి, ప్రశాంతంగా ఉంటాను.

మామయ్య

నిజమే అమ్మా. ఈసారి కోతలు కాదు. పడ్డది నేనే. మామయ్య రాత్రి కంచం ముందు కూర్చుని లేచిపోయాడు, నాకు భయంగా ఉంది. — అత్తయ్య

*

ఆఫీసు,
మంగళవారం.

మామయ్యా,

అత్తయ్య సంతకం చూడగానే తింటున్న టిఫిను డబ్బా మూసేశాను. అప్పటినుంచీ ప్రోగ్రాము ముందేసుకుని కూర్చున్నాను. ఒకటి కనిపించింది. నీకు అర్థమయ్యేలా చెప్తాను, ఎగతాళి చేయకు.

పెట్టె లోపల జ్ఞాపకం అంటే వరసగా అరలు. ప్రతి అరకీ ఒక నంబరు. ఫలానా సంగతి ఫలానా నంబరు అరలో మొదలవుతుందని చెప్పే చీటీనే పాయింటర్ అంటాం. లిఫ్టు ఎంత ఎత్తులో ఉందన్న అంకె నాలుగు అరలు పడుతుంది. మేం వాడిన చిప్పు ఆ నాలుగింటినీ ఒక్క గుక్కలో తెస్తుంది, కానీ మొదటి అర నంబరు నాలుగుతో నిశ్శేషంగా భాగించబడాలి. నాలుగు, ఎనిమిది, పన్నెండు, అలా. దానికి అవే అంతస్తులు. చీటీ మీద ఐదు అని ఉందనుకో, కొన్ని చిప్పులు గట్టిగా అరిచి ఆగిపోతాయి. ఇది అరవదు. నోరు మూసుకుని నాలుగు దగ్గర తలుపు తీసి, ఇదే ఐదు అంటుంది. వచ్చిన అంకె మరీ తలాతోకా లేకుండా ఉంటే పక్కన పడేసి పాత అంకెతో సర్దుకోమని మేమే రాశాం. అంటే ఆ కాసేపు లిఫ్టు ఎక్కడుందో పెట్టెకి తెలియదు. ఇందాక ఉన్నచోటే ఉన్నాననుకుంటుంది.

చీటీ మీద నంబరు సరైనదో కాదో చూడటానికి ఒక్క వరుస చాలు. నాలుగుతో భాగించు, శేషం మిగిలితే ఆపెయ్. ఆ వరుస రాశాను. నేనే రాశాను. కానీ మా దగ్గర పద్ధతి ఏంటంటే, అలాంటి కాపలా వరుసలు పరీక్షల్లోనే మేలుకుని ఉంటాయి. పెట్టె బయటికి పంపేటప్పుడు, వేగం కోసమని, అన్నింటినీ ఒకేసారి నిద్రపుచ్చేస్తాం. పరీక్షల్లో ఆ కాపలా ఒక్కసారీ అరవలేదు. అందుకే పంపించాం.

ఇది అనుమానం మాత్రమే. మా పెద్దాయన "బల్ల మీద చేసి చూపించు, అప్పుడు ఒప్పుకుంటా" అన్నాడు. మీ మేనేజరుకి ఫోను చేశాను. కంపెనీ నుంచి కాగితం వస్తే ఆపుతాను, పై వార్డువాళ్ళని మోసుకెళ్ళడానికి నా దగ్గర మనుషుల్లేరు అన్నాడు.

మామయ్యా, ఆ లిఫ్టు ఎక్కకు. ఎవర్నీ ఎక్కించకు. ఎలా ఆపుతావో నాకు తెలియదు, నీకున్న కొంటె తెలివంతా వాడి ఆపెయ్. ఇలాంటి పెట్టెలు ఇంకా ఎన్ని లిఫ్టుల్లో ఉన్నాయో లెక్క తీస్తున్నాను.

గుండుసూది

*

మెట్ల కింద,
శుక్రవారం.

కోడలు పిల్లకి,

దొంగలు రాని రోజుల్లో కాపలా పెట్టి, వచ్చే రోజున వాడికి సెలవిచ్చారన్నమాట. ఇంతోటి తెలివికి మీకు ఏసీ గదులొకటి.

ఇక కులాసాగా ఉండు. లిఫ్టు ఆగిపోయింది. నేనే ఆపాను. పైనున్న మోటారు గదిలోకి వెళ్ళి ఒక తీగ పీకి జేబులో వేసుకున్నాను. మేనేజరు వచ్చి మీటలన్నీ నొక్కి, చెవి పెట్టి విని, "మోటారు పోయినట్టుందయ్యా" అన్నాడు. "అవునండీ, పాపం మంచి మోటారు" అన్నాను. పనిచేయదు అని అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి తలుపుకి తగిలించాను. పై వార్డువాళ్ళు పైనే ఉన్నారు, అన్నం మెట్ల మీదుగా పోతోంది. నేను నా స్టూలు మెట్ల కింద వేసుకుని మహారాజులా కూర్చున్నాను. మేనేజరుకి మాత్రం మళ్ళీ ఫోను చేయకు, తీగ సంగతి బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది.

ఊరికే అడుగుతున్నాను, తెలుసుకుందామని. మాటవరసకి ఎవడో తెలియనివాడు అలాంటి లిఫ్టులో తిరుగుతున్నాడనుకో. వాడు ఏం చూసుకోవాలి? తప్పు జరగబోయే ముందు పెట్టె ఏమైనా చప్పుడు చేస్తుందా? దీపమేమైనా వెలుగుతుందా?

మామయ్య

అత్తయ్య

*

ఆఫీసు,
సోమవారం.

మామయ్యా,

అత్తయ్య సంతకం చూశాక కడుపారా తిన్నాను. నువ్వు తీగ పీకినప్పుడు మేనేజరు మొహం తలుచుకుని నవ్వొచ్చింది కూడా.

నువ్వడిగినదానికి జవాబు: చప్పుడు రాదు, దీపం వెలగదు. భయమంతా అదే. తప్పు చేస్తున్నానని దానికే తెలియదు. ఎవరైనా ఎక్కితే చేయగలిగింది ఒక్కటే, తలుపు తెరుచుకున్నాక లిఫ్టు గడపా నేల గడపా సమానంగా ఉన్నాయో లేదో కళ్ళతో చూసి అడుగు వేయడం. ప్రతిసారీ. పడుకోబెట్టిన ఆ కాపలా వరుస చేయాల్సిన పని అదే.

బల్ల మీద మాత్రం తప్పు దొరకడం లేదు. దుప్పట్ల బండి బరువంత పెట్టి చూశాను, రెట్టింపు పెట్టి చూశాను. లిఫ్టు బుద్ధిమంతురాలిలా గడప దగ్గరే ఆగుతోంది. పెద్దాయన అటు వెళ్తూ ఇటు వెళ్తూ నిట్టూరుస్తున్నాడు. "ఒక్క ఫిర్యాదు, అదీ మీ సర్కస్ మామయ్య నుంచి" అన్నాడు. ఆ కథ నేనే చెప్పాను, నోరు కుట్టేసుకోవాలి.

బండి ఎక్కినప్పుడు బరువు కాకుండా ఇంకేం మారుతుంది? బాగా ఆలోచించు. నువ్వేం చేస్తావో ఒక్కొక్కటీ రాయి, ఎంత పనికిమాలినదైనా సరే.

గుండుసూది

*

బుధవారం.

గుండుసూదీ,

త్వరగా కానీయ్ అమ్మా. ఎన్నాళ్ళని మెట్ల కింద కూర్చోను.

బండి వస్తే ఏం చేస్తానంటే, తలుపు పట్టుకుంటాను, మీ అత్తయ్య ఎక్కుతుంది, పక్కకి జరగమంటుంది, జరుగుతాను. నా తాళంచెవి పెట్టి తిప్పుతాను. అది తిప్పితే లిఫ్టు ఎవరు పిలిచినా పలకదు, నా మాటే వింటుంది. బండి ఉన్నప్పుడు మధ్యలో ఎవరూ ఎక్కకుండా అలా చేస్తాను. దిగాక చెవి తీసేస్తాను. అంతే, ఇంకేం లేదు.

రాత బాగాలేదని అనుకోకు. చెయ్యి కాస్త వణుకుతోంది, చలికి. మీ అత్తయ్య దుప్పట్లు లెక్కపెట్టుకుంటోంది, సంతకానికి పిలవలేదు. ఇది అంత పెద్ద సంగతి కాదుగా.

ఆ కాపలా వరుసని నిద్రలేపడానికి ఎంత సేపు పడుతుందే?

మామయ్య

*

ఆఫీసు,
శుక్రవారం.

మామయ్యా!

తాళంచెవి! తాళంచెవే మామయ్యా!

మా పరీక్షల గదిలో తాళంచెవి పెట్టే రంధ్రమే లేదు. ఎందుకుంటుంది, మా దగ్గర లిఫ్టు మనిషి లేడుగా. మీటలు మేమే నొక్కుకుంటాం. స్టూలు మీద కూర్చుని ఒకాయన చెవి తిప్పుతాడన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. చెవి తిప్పితే, తిప్పారు అని చెప్పడానికి, లిఫ్టు నుంచి పెట్టెకి వచ్చే వార్త మొదట్లో ఒక్క అర ఎక్కువ చేరుతుంది. దాంతో వెనకున్నవన్నీ ఒక అర పక్కకి జరుగుతాయి. ఎత్తు అంకె నాలుగో అర దగ్గర మొదలవ్వాల్సింది ఐదుకి పోతుంది. చిప్పు కిమ్మనకుండా నాలుగు దగ్గరే తలుపు తీస్తుంది.

నీ ఉత్తరం రాగానే ఒక తీగ కలిపి చెవి తిప్పినట్టు చేశాను. మెలకువగా ఉన్న కాపలా వరుస మొదటిసారిగా అరిచింది. బల్ల మీద లిఫ్టు ఠక్కున ఆగిపోయింది. తర్వాత కాపలాని పడుకోబెట్టి మళ్ళీ చేశాను. బొమ్మ లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగి, నిమ్మళంగా తలుపు తెరిచింది. పెద్దాయన కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు.

ఇప్పుడు ఆ అంకెని ఒక్క గుక్కలో తేవడం మానేశాం. ఒక్కొక్క అరా తీసి, సరైన నంబరున్న చోట సర్ది, అప్పుడు చదువుతుంది. కాపలా వరుస ఇక పడుకోదు, బయట కూడా. శేషం మిగిలిందా, లిఫ్టు కదలదు, గంట కొడుతుంది. మిగతా పెట్టెలన్నింటికీ మనుషులు బయల్దేరారు. లిఫ్టు మనుషులున్న చోట్లకి ముందు.

ఈ ఉత్తరం మీ దగ్గరికి వచ్చే మెకానిక్కుల చేతికే ఇస్తున్నాను. ఆ తీగ వాళ్ళకి ఇచ్చెయ్.

నువ్వు లిఫ్టు ఆపేశావు కాబట్టి సరిపోయింది మామయ్యా. ఆపకపోయి ఉంటే, భయానికి నువ్వు చెవి తిప్పి పెట్టి ఉంచేవాడివేమో, నా చేతిలో ఉంటేనే మంచిదని. నీ సంగతి నాకు తెలియదా! అప్పుడు ప్రతి అంతస్తూ ఒక గొయ్యే.

నీ గుండుసూది

*

లిఫ్టులో స్టూలు మీద నుంచి,
సోమవారం.

గుండుసూదికి,

మీ మెకానిక్కులు వచ్చారు. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఇద్దరికీ కలిపి ఒకటే స్క్రూడ్రైవరు. పెట్టె విప్పి, తీగ తగిలించి, బుర్ర మార్చి, మళ్ళీ మూసేశారు. నా తాళంచెవి తిప్పి అన్ని అంతస్తులూ తిప్పి చూశారు. గడపకు గడప గీత గీసినట్టు ఆగింది. గుంటలోంచి నా ఫోను కూడా తీసిచ్చారు. పలకడం లేదు కానీ, పోనీలే, శవం దొరికింది.

పొట్టివాడు "పీకిన తీగ ఇవ్వండి బాబాయ్" అన్నాడు. పారేశానన్నాను. "ఏ తీగా ఊడలేదే" అని పొడుగువాడు బుర్ర గోక్కున్నాడు. నేను పైకి చూశాను.

నీ ఉత్తరం వాళ్ళ ముందు చదవలేదు. వెళ్ళాక చదివాను. భయానికి చెవి తిప్పి పెట్టి ఉంచేవాడివేమో అన్న చోటికి వచ్చేసరికి స్టూలు మీద కూర్చోలేక నేల మీద కూర్చున్నాను.

విను. ఆ పై వార్డులో తోటమాలి ఒకాయన ఉన్నాడు. పక్షవాతం. నడక చట్రం పట్టుకుని పసిపిల్లాడిలా ఒక్కో అడుగే వేస్తాడు. వాళ్ళకి రోజూ కింద కసరత్తు గది ఉంటుంది. మానేస్తే పట్టేసిన కాళ్ళు మళ్ళీ పట్టేస్తాయి. మెట్లు దిగలేరు. మోసేవాళ్ళు లేరు. మోటారు గది దాకా వెళ్ళాను, తీగ మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడే కింద నుంచి ఆయన పిలిచాడు, "లిఫ్టు బాబూ, ఇవాళ గోడ దాకా నడిచా, రేపు కిటికీ దాకా పోతా" అని. చెయ్యి తీసేశాను.

పీకలేకపోయిన పాపానికి కాపలా నేనే ఉందామనుకున్నాను. చెవి పెట్టి తిప్పి అలాగే ఉంచేశాను. నా మాట తప్ప వినకూడదు, నేను లేకుండా ఎవరూ ఎక్కకూడదు అని. అప్పటినుంచీ ఇంకా ఎక్కువైంది. జానెడు, మూరెడు, పైకి, కిందికి. నేను ఎంత గట్టిగా పట్టుకుంటే అది అంత మొండికేస్తోంది అనుకున్నాను. తలుపు తెరుచుకోగానే ముందు నా కాలు చాచి నేల తడిమేవాణ్ణి. తగిలితేనే జరగమనేవాణ్ణి. లేకపోతే తలుపు మూసి మళ్ళీ పైకి పోయి వచ్చేవాణ్ణి. "ఏంటయ్యా, మాకు షికారా" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల చొక్కా వీపుకి అంటుకుపోయేది.

చలికి చెయ్యి వణుకుతోందని నీకు రాశానే, ఆ పొద్దున సంగతి ఇది. తోటమాలి నా కాలు కంటే ముందు చట్రం పెట్టేశాడు. కిటికీ దాకా పోవాలన్న ఆత్రం. చట్రం గాల్లో వేలాడింది. ఆయన చొక్కా కాలరు నా చేతికి ఎలా దొరికిందో ఇప్పటికీ తెలియదు. ఇద్దరం వెనక్కి పడ్డాం. చట్రం కింద ఎక్కడో ఠంగుమంది. "నీ లిఫ్టుకి నామీద పగేంటి బాబూ" అన్నాడు. నవ్వాడు. ఆయనకి తెలియదు, ఆ పగ నా చేతిలో తాళంచెవేనని. నాకూ అప్పటికి తెలియదు.

మీ అత్తయ్యకి ఇదంతా ఇందాకే చెప్పాను. కలం లాక్కుని కింద సంతకం పెట్టింది. వేలితో తడిమి చూడు, అక్కడ కాగితం చిరిగింది. ఆ మెట్ల కింద ఉత్తరం మీద ఉన్నదాన్ని కూడా తడిమి చూడు, నున్నగా ఉంటుంది. అది నేను ఎడమచేత్తో పెట్టింది.

ఎర్ర ఇంకు బోర్డు మాత్రం నిజంగానే రాశాను. మడిచి స్టూలు పొట్టికాలు కింద పెట్టాను, పాత అట్ట అరిగిపోయింది. తలుపుకి తగిలించడం, తీగ పీకడం, మేనేజరు చెవి పెట్టి వినడం, అంతా కల్పితం. లిఫ్టు ఒక్క పూట కూడా ఆగలేదు.

మామయ్య

అత్తయ్య